చెల్లెలికి అయిదో నెల, హెచ్‌ఐవీ పాజిటివ్ అన్నారు. బిడ్డకు రాకుండా కాపాడుకోగలమా?

దర్శి అన్నయ్య:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా చెల్లెలికి ఇప్పుడు అయిదో నెల. గర్భిణులందరికీ చేసే రక్తపరీక్షల్లో అనుమానం వచ్చిందని పీహెచ్‌సీ వారు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే కేంద్రంలో, మళ్లీ పరీక్షించి హెచ్‌ఐవీ ఉన్నట్టు ఖాయం చేసి, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పేరు రాయించి, నెలకు సరిపడా మాత్రల డబ్బా చేతికిచ్చారు. కౌన్సెలర్ గారు అరగంట సేపు ఓపికగా వివరించారు గాని, ఆ సమయంలో ఆమె చెప్పింది ఒక్కటీ నా తలకెక్కలేదు.

బావ హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. పరీక్ష చేయించుకోమంటే, "నేను బాగానే ఉన్నాను, జబ్బు బయటపడింది ఆమెకే కదా" అంటున్నాడు. అత్తవారు చెల్లెలిని మా ఇంటికి పంపేశారు. ఇక్కడ మా అమ్మ ఆమెకు కంచం, గ్లాసు విడిగా పెట్టింది. ప్రేమ లేక కాదు, ఇంట్లో నా పిల్లలిద్దరూ తిరుగుతుంటారన్న భయం. మొన్న రాత్రి మా చిన్నది రోజూలాగే మేనత్త పక్కలో దూరబోతే, చెల్లెలే దానిని అవతలికి జరిపి, గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

కడుపులో ఉన్న బిడ్డకు ఇది తప్పదా? పాలు ఇవ్వవచ్చా? కాన్పు ఎక్కడ చేయించాలి? పిల్లలు ఆమెతో కలిసి ఉండవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఇద్దరు బిడ్డల తల్లి:

అన్నయ్యగారూ, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అలా గోడవైపు తిరిగి పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, పిల్లలను ముద్దాడినా, ఒకే మరుగుదొడ్డి వాడినా, ఆమెను కుట్టిన దోమ మిమ్మల్ని కుట్టినా ఇది అంటుకోదు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, తల్లి నుంచి బిడ్డకు రావడం, ఇవే దానికి దారులు. ఈ రాత్రే మీ పాపను ఆమె పక్కలో పడుకోబెట్టండి.

నాకు మొదటి కాన్పుకు ముందే ఈ సంగతి తెలిసింది. ఇప్పుడు పెద్దవాడు నాలుగో తరగతి చదువుతున్నాడు, చిన్నది అంగన్‌వాడీకి వెళ్తోంది. ఇద్దరికీ నెగెటివ్. రాత్రి తొమ్మిదికి ఫోను మోగేలా పెట్టుకుని, ఒక్క పూట కూడా మాత్ర తప్పనివ్వలేదు. అత్తగారింట్లో ఉన్నప్పుడు డబ్బా గలగలమంటే తోడికోడలు అడుగుతుందని అందులో దూది కూరి పెట్టుకున్న రోజులు ఉన్నాయి. ఎవరైనా గదిలో ఉంటే వాళ్లు బయటికి వెళ్లేదాకా కాచుకుని, ఆ తరువాత వేసుకునేదాన్ని. మీ ఇంట్లో మీ చెల్లెలికి ఆ అవస్థ రానివ్వకండి. మాత్ర దాచుకోవలసిన చోట ఎప్పుడో ఒకప్పుడు అది తప్పిపోతుంది.

ఐసీటీసీ కౌన్సెలర్:

పరీక్ష ఫలితం విన్న రోజున మేము చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు. అందువల్ల మీరు బాధపడవద్దు. వచ్చే నెల మాత్రలకు వెళ్లినప్పుడు ఇవే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లి, మళ్లీ అడగండి.

చికిత్స ఏమీ లేకపోతే, పాజిటివ్ ఉన్న నూరుగురు తల్లుల బిడ్డల్లో 15 నుంచి 45 మంది దాకా వైరస్ సోకే అవకాశం ఉంటుంది. తల్లి క్రమం తప్పకుండా మందు వాడి, బిడ్డకు సిరప్ పట్టిస్తే, చనుబాలు ఇచ్చినా అది 5 శాతం కంటే తక్కువకు దిగుతుంది. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నొప్పులు మొదలయ్యాక తల్లికి నెవిరపిన్ అనే మందు ఒక్క మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదు సిరప్ తప్ప మా చేతిలో ఇంకేమీ ఉండేది కాదు. 2014 నాటికి దేశమంతటా పద్ధతి మారి, గర్భిణికి పాజిటివ్ అని తేలిన వెంటనే జీవితాంతం వాడే మందు మొదలుపెడుతున్నారు. అయిదో నెలలో తెలియడం అంటే, కాన్పు నాటికి రక్తంలో వైరస్‌ను అణచడానికి చేతిలో నాలుగు నెలలు ఉన్నట్టే. 32 నుంచి 36 వారాల మధ్య, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయించడం మరచిపోవద్దు. బిడ్డకు ఏ సిరప్ ఇవ్వాలో, ఎన్ని వారాలు ఇవ్వాలో నిర్ణయించడానికి అదే ఆధారం.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఇప్పుడు ఇచ్చే మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను ఖాళీ కడుపున దానితో కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. అన్నం తిన్న వెంటనే అయితే కలిపి వేసుకోవచ్చు; లేదంటే ఐరన్, కాల్షియం వేసుకోవడానికి కనీసం 2 గంటల ముందు గాని, వేసుకున్న 6 గంటల తరువాత గాని ఈ మాత్ర వేసుకోవాలి.

మీ బావగారి మాట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. గర్భిణులందరికీ పరీక్ష చేస్తారు కాబట్టి ఇంట్లో ముందు భార్య పేరే బయటికి వస్తుంది. భర్తను ఎవరూ పరీక్షకు పిలవరు కాబట్టి అతనికి ఏమీ లేదని అందరూ అనుకుంటారు. ఎవరికి ముందు తెలిసిందన్నదాన్ని బట్టి ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేము. ఈ ఒక్క పొరపాటు వల్ల పుట్టింటికి చేరిన ఆడపిల్లలను నేను ఎందరినో చూశాను, చూసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అతను చేయించుకోవలసింది తన కోసమే. నెగెటివ్ వస్తే 3 నెలల తరువాత మరోసారి పరీక్షించుకుని, ఆమె వైరల్ లోడ్ పూర్తిగా తగ్గేదాకా కండోమ్ తప్పనిసరిగా వాడాలి. పాజిటివ్ వస్తే ఇదే మందు అతనికీ ఉచితంగా ఇస్తారు.

లేబర్ రూమ్ నర్సు:

కాన్పు ప్రభుత్వాసుపత్రిలో మామూలుగానే చేయించవచ్చు. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అవసరం లేదు. ఏ ఆసుపత్రి అయినా ఈ కారణం చెప్పి చేర్చుకోకపోతే, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నిషిద్ధమైన వివక్ష అవుతుంది.

తల్లి పాలు ఇవ్వవచ్చు. అయితే మొదటి ఆరు నెలలు పాలు తప్ప మరేదీ ఇవ్వకూడదు. మీ అమ్మగారితో ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే పుట్టగానే తేనె నాకించడం, వసకొమ్ము అరగదీసి పట్టడం, చక్కెర నీళ్లు పోయడం మన ఇళ్లలో అమ్మమ్మలు మురిపెంగా చేసే పనులు. లేత పేగు పొర వాటితో దెబ్బతింటే పాలలోని వైరస్ లోపలికి చేరడం సులువవుతుంది. తల్లి పాలు, డాక్టరు రాసిన మందు, అంతే.

ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు తీసి, అట్టలాంటి కాగితం మీద గీసిన గుండ్రాల్లో నింపి, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ పరీక్ష ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు, బిడ్డ ఒంట్లో కొంతకాలం నిలుస్తాయి కాబట్టి 18 నెలలకు చేసే పరీక్షతోనే తుది మాట చెబుతారు.

దర్శి అన్నయ్య:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. వస సంగతి విని, "మరి పొట్ట ఉబ్బితే ఎట్లారా?" అని అడిగింది గాని, ఆ విడి కంచాన్ని తనే తెచ్చి మిగతావాటితో కలిపి తోమింది. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. పక్క ఊరిలో పసరు మందుతో ఇది పూర్తిగా పోతుందని ఒకరు చెబుతున్నారు. బావ మాత్రం పరీక్షకు ఒప్పుకున్నాడు, అయితే పనిచేసే చోట ఎవరికైనా తెలుస్తుందని జంకుతున్నాడు.

ఐసీటీసీ కౌన్సెలర్:

పసరు కోసం మాత్ర ఆపితే రక్తంలో వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అది మరీ ప్రమాదం. ఆ మాట ఇంట్లోకి రానివ్వకండి.

మీ బావగారు హైదరాబాదులో ఏ ఏరియా ఆసుపత్రిలోని ఐసీటీసీకైనా వెళ్లవచ్చు. పరీక్ష ఉచితం, ఫలితం ఆయన చేతికే ఇస్తారు. ఆయన అనుమతి లేకుండా దానిని యజమానికి గాని, మేస్త్రీకి గాని చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే హెచ్‌ఐవీ సహాయవాణి 1097కు ఫోను చేయమనండి, ఖర్చేమీ కాదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.