కౌన్సెలింగ్‌కి రానంటున్న బాబు, నమ్మని నాన్న... ఏం చేయాలి?

బెజవాడ అమ్మ:
మా బాబు తొమ్మిదో తరగతి. దసరా సెలవులయ్యాక రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, స్కానింగ్‌లో ఏమీ లేదు, ఆదివారం మాత్రం నొప్పి రాదు. పిల్లల డాక్టరుగారే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. రెండుసార్లు వెళ్ళాం. మూడోసారి బయల్దేరమంటే బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని "నేనేం పిచ్చోణ్ణి కాదు" అని ఒకటే ఏడుపు. మావారేమో ఇవన్నీ బడి ఎగ్గొట్టే వేషాలు, ఫీజు దండగ అంటారు. బలవంతంగా తీసుకెళ్ళాలా, మానేయాలా?

గుంటూరు నాన్న:
అమ్మా, నేనూ మీవారిలాగే అన్నవాణ్ణే. సెషన్ అయ్యి బయటికి రాగానే, ఇంకా బండి కూడా తీయకుండానే "ఏం అడిగారు, మా గురించి ఏం చెప్పావ్" అని మా పాపని నిలదీసేవాణ్ణి. దాంతో అది అక్కడా నోరు విప్పలేదు, ఇంట్లోనూ మానేసింది. ఒకరోజు మేడమ్ నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి, మార్కులు కాకుండా పాపతో చివరిసారి ఏం మాట్లాడారండీ అన్నారు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ తర్వాత దారిలో ఆగి పునుగులు తినడమే, ప్రశ్నల్లేవు. కొన్ని వారాలకి చట్నీ వేసుకుంటూ తనే మొదలుపెట్టింది. మీవారిని బాబు కోసమని కాదు, ఆయన అనుమానాలు అడగడానికే ఒక్కసారి పంపండి.

పిల్లల సైకాలజిస్ట్:
ఈడ్చుకెళ్ళొద్దు, మానేయనూ వద్దు. బాబు రాకపోతే మీరిద్దరే వెళ్ళండి, అది కూడా చికిత్సే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన 'స్పేస్' అనే పద్ధతిలో ఆందోళన ఉన్న పిల్లల్ని కాక తల్లిదండ్రుల్నే కలుస్తారు. 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలపై చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది, పిల్లలతో నేరుగా చేసే సీబీటీకి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సకి, ఇది తీసిపోలేదని తేలింది.

ఇంకోటి, ఆ నొప్పి నాటకం కాదండీ, భయానికి కడుపు నిజంగానే నొప్పి పుడుతుంది. ఇంట్లో ఉండిపోతే తగ్గిపోతుంది కాబట్టి మర్నాడు బడి ఇంకా పెద్ద కొండలా కనిపిస్తుంది. "నీకు కష్టంగా ఉందని తెలుసు నాన్నా, అయినా చేయగలవు" అనండి, మొదట రెండు పీరియడ్లకే పంపండి. బళ్ళో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో ముందు కనుక్కోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాననే మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బెజవాడ అమ్మ:
మావారికి మొత్తం చదివి వినిపించా. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "శనివారం ఎన్నింటికి?" అన్నారు. ఇద్దరం వెళ్తున్నాం. రెండు పీరియడ్ల సంగతి మాట్లాడాలంటే క్లాస్ టీచర్‌కి ఎంతవరకు చెప్పాలండీ? వాడి స్నేహితులకి తెలిస్తే ఇక గడప దాటడు.