ఓవర్‌టన్ వంతెన మీది కుక్కలు, మా వంక మీది కుక్క: కారణం వాసనా, గోడా, మరొకటా?

చంద్రగిరి పొలంగట్టు:

స్కాట్లాండ్‌లో, గ్లాస్గో నగరానికి వాయవ్యాన ఉన్న డంబార్టన్ ఊరి దగ్గర ఓవర్‌టన్ అనే పాత ఎస్టేటు ఉంది. అక్కడి బంగళాకు వెళ్లే దారిలో, లోతైన వాగు మీద, 1895లో రాతి వంతెన ఒకటి కట్టారు. యజమానితో కలిసి దాని మీద నడుస్తున్న కుక్కలు ఉన్నట్టుండి పిట్టగోడ మీదికి ఎగిరి అవతలికి దూకేస్తున్నాయని, దాదాపు 50 అడుగుల కింద రాళ్ల మీద పడి కొన్ని చచ్చిపోతున్నాయని 1950ల నుంచి అక్కడివాళ్లు చెబుతున్నారు. దూకేవాటిలో కోలీ, లాబ్రడార్, రిట్రీవర్ వంటి పొడుగు ముక్కు జాతులే ఎక్కువట. అవి దూకేది కూడా ఎక్కువగా వంతెనకు ఒకే వైపు నుంచి, వాన లేని తేటైన రోజుల్లోనట. కుక్కను గొలుసు విప్పకుండా నడిపించుకొమ్మని అక్కడ బోర్డు కూడా పెట్టారు.

ఇది ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, పోయిన నెలలో మా కుక్క కూడా అదే పని చేసింది. చంద్రగిరి దగ్గర మా పొలానికి వెళ్లే మట్టిదారిలో వంక మీద చిన్న కల్వర్టు ఉంది. పిట్టగోడ నా మోకాలికి కాస్త పైకి వస్తుంది. అవతల పన్నెండు అడుగుల కింద ఇసుక, గుండ్రాళ్లు. ఉదయం ఎనిమిది గంటల వేళ, ఎండ బాగా వచ్చింది. నాకు నాలుగడుగుల ముందు నడుస్తున్న మోతీ (లాబ్రడార్ కలిసిన జాతి, నాలుగేళ్లది) కల్వర్టు మధ్యకు రాగానే ఆగి, ముందరి కుడికాలు గాల్లోనే ఉంచి ముక్కు పైకెత్తింది. ముక్కుపుటాలు అదరడం నాకు కనిపించింది. నేను పిలిచేలోపే, మొరగనైనా మొరగకుండా, ఒక్క గెంతులో గోడ దాటేసింది. కిందికి దిగి చూస్తే ఎడమ ముందరికాలు వేలాడుతోంది. అయినా అది నావైపు చూడటం లేదు, కల్వర్టు తూము వైపు చూస్తోంది. పక్క పొలం పెద్దమ్మ వచ్చి, ‘ఆ కల్వర్టు మంచిది కాదు నాయనా, పోయినేడు మా కుక్క కూడా ఈడనే పడింది’ అన్నది.

ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఓవర్‌టన్ గురించి చదివినవాళ్లు, కుక్కల సంగతి తెలిసినవాళ్లు కారణం ఏమై ఉంటుందో చెప్పగలరు.

చిత్తూరు పశువైద్యుడు:

మోతీ కాలికి కట్టు కట్టించే ఉంటారు. కట్టు విప్పేదాకా దాన్ని మెట్లు ఎక్కనివ్వకండి, గెంతనివ్వకండి.

ఓవర్‌టన్ విషయంలో నేను వాసన పక్షమే. జంతు ప్రవర్తనా నిపుణుడు డేవిడ్ శాండ్స్ ఆ వంతెన దగ్గరికే వెళ్లి పరిశీలించారు. కింద వాగులో ఎలుకలు, ఉడుతలు, మింక్‌లు తిరుగుతాయన్న సమాచారం మీద, ఆ మూడింటి వాసనలను బయలు ప్రదేశంలో విడివిడిగా ఉంచి పది కుక్కలను వదిలితే, వాటిలో ఏడు నేరుగా మింక్ వాసన దగ్గరికే పోయాయి. మింక్ అంటే చూడటానికి మన ముంగిసలా పొడుగ్గా, పొట్టికాళ్లతో ఉండే జంతువు. కుటుంబం మాత్రం నీటికుక్కలది. బొచ్చు కోసం ఉత్తర అమెరికా నుంచి తెచ్చి పెంచుతుంటే తప్పించుకుపోయి, 1950ల నుంచి బ్రిటన్ వాగుల వెంట సొంతంగా పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టింది. వంతెన కట్టింది 1895లో, కుక్కల కథ మొదలైంది 1950లలో. ఆ నడుమ కొత్తగా వచ్చి చేరింది ఈ జంతువే కదా.

మింక్ తోక కింది గ్రంథుల నుంచి వచ్చే వాసన చాలా ఘాటు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే పునుగు తైలం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన మనవాళ్లకు, ఒక చిన్న జంతువు గ్రంథిలో ఎంత వాసన దాగి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 60 లక్షలైతే, కొన్ని జాతుల కుక్కల్లో అవి 30 కోట్ల దాకా ఉంటాయని లెక్క కట్టారు. ఇక తేటైన రోజుల మాటకొస్తే, ఎండ తగిలిన లోయ గోడలు వేడెక్కి, గాలి వాటిని ఒరుసుకుంటూ పైకి లేస్తుంది, అడుగున ఉన్న వాసనను మోసుకొస్తుంది. పొద్దెక్కాక శేషాచలం కొండవాలున నిలబడితే కింది నుంచి ముఖానికి తగిలే గాలి అలాంటిదే. మోతీ ముక్కెత్తింది కూడా ఎండ వచ్చాకే అన్నది గమనించండి.

లెక్కల మాస్టారు:

డాక్టరు గారి వాదన చక్కగా అతికింది. అంత చక్కగా అతికినందుకే నాకు అనుమానం. దూకిన కుక్కలు ఎన్ని? చనిపోయినవి 50 అంటారు ఒకచోట, దూకినవి 300 పైచిలుకు అంటారు ఇంకొకచోట, 600 అంటాయి సంచలన పత్రికలు. ఏ ఏడాది ఎన్ని అని ఎవరైనా వరుసగా రాసిపెట్టిన పుస్తకం లేకుండా ఇంత తేడా వస్తున్నప్పుడు, కారణం వెతకడం కంటే ముందు సంగతి ఎంతవరకు జరిగిందో తేల్చుకోవాలి. పైగా ఈ డెబ్బై ఏళ్లలో ఆ వంతెన దాటిన కుక్కలన్నీ ఎన్నో తెలియకుండా, దూకినవి ఎక్కువో తక్కువో ఎలా చెప్పగలం?

వింతలుగా చెప్పుకునేవాటిలో కొన్ని గట్టిగా చూస్తే వింతలే కావు. లాబ్రడార్లు, కోలీలు, రిట్రీవర్లు బ్రిటన్‌లో ఇంటింటా పెంచే కుక్కలు. తిరుపతి వీధుల్లో బైకులకు తగిలే కుక్కల్లో ఊరకుక్కలే ఎక్కువని ఎవరైనా పరిశోధన చేసి చెబితే మనం నవ్వమా? పొడి రోజుల సంగతీ అంతే: వాన పడుతుంటే ఆ చలిదేశంలో కుక్కను తీసుకుని కొండమీది బంగళా చూడటానికి పోయేవాళ్లు ఎందరు? ఇక 1950ల లెక్కకు మింక్‌తో పని లేని జవాబు ఒకటుంది. ఆ ఎస్టేటు 1930ల చివరిదాకా ఒక కుటుంబం సొంత ఆస్తి. ఆ తర్వాతే డంబార్టన్ ప్రజలకు దక్కింది, 1947 నుంచి 1970 వరకు ఆ బంగళాలో ప్రసూతి ఆసుపత్రి నడిచింది. జనం కుక్కలతో తిరగడం మొదలయ్యాకే కుక్కలు పడిన కథలు మొదలవడంలో ఆశ్చర్యం ఏముంది?

మింక్‌లు బ్రిటన్ అంతటా ఉన్నాయి, వాటి వాగుల మీద వంతెనలు వేలల్లో ఉన్నాయి. మిగతా వంతెనల మీద కుక్కలు ఎందుకు దూకవు? ఆ చుట్టుపక్కల ఏళ్ల తరబడి వేటాడిన స్థానికుడొకరు అక్కడ మింక్‌లే లేవని 2014లో చెప్పాడు కూడా. వేరే వంతెన మీద ఒక కుక్క పడితే అది ఆ ఇంటివాళ్ల ఏడుపుతో సరిపోతుంది. ఓవర్‌టన్ మీద పడితే పత్రికకు ఎక్కుతుంది. ఒకే వైపు నుంచి దూకుతున్నాయన్నది నిజమైతే మాత్రం అది నా లెక్కలకు లొంగదు, ఒప్పుకుంటాను.

పాకాల పెద్దాయన:

మూఢనమ్మకం అనిపించుకోవడానికి భయపడే వయసు దాటిపోయాను గనుక నా మాట కూడా రాస్తున్నాను. ఆ ఎస్టేటు దొర లార్డ్ ఓవర్‌టన్ 1908లో పోయాడు. ఆయన భార్య తెల్లబట్టలతో అక్కడే తిరుగుతూ ఉంటుందని ఊరివాళ్ల నమ్మకం. ఈ లోకానికీ పై లోకానికీ మధ్య తెర పలచగా ఉండే చోట్లు కొన్ని ఉంటాయని, ఆ వంతెన అలాంటి చోటని వాళ్ల పాతకాలపు విశ్వాసం. 1994లో ఒక తండ్రి రెండు వారాల పసికందును అదే వంతెన మీద నుంచి విసిరేశాడు. కింద పడి బతికిన కుక్క మళ్లీ పైకి ఎక్కి వచ్చి రెండోసారి దూకిన సందర్భాలున్నాయని కూడా చెబుతారు. ఎలుక వాసనకో ముంగిస వాసనకో ప్రాణం మీదికి రెండుసార్లు తెచ్చుకునే కుక్కను నేను డెబ్బై మూడేళ్లలో చూడలేదు. మన ఇళ్లలో ఎవరికైనా చివరి ఘడియ దగ్గర పడినప్పుడు కుక్క ఏడవడం మీరెవరూ వినలేదా? చంద్రగిరి అబ్బాయీ, ఆ పెద్దమ్మ మాట కొట్టిపారేయకు నాయనా.

చిత్తూరు పశువైద్యుడు:

పెద్దాయన గారూ, కుక్కకు మనకు తెలియనివి తెలుస్తాయన్న దాంట్లో మీతో నాకు పేచీ లేదు. భయపడిన కుక్క ఎటు పోతుందన్నదే నా ప్రశ్న. శేషాచలం అంచున ఇళ్లున్నవాళ్లు చిరుత వాసన తగిలిన కుక్కను చూసే ఉంటారు: తోక కడుపు కిందికి ముడుస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, గడప లోపలికి దూరి మంచం కింద నక్కుతుంది. ఓవర్‌టన్ కుక్కలు వెనక్కి పరుగెత్తడం లేదు, ముందుకు దూకుతున్నాయి; మోతీ తోక ముడిచిందని ఆయన రాయలేదు, ముందరికాలు ఎత్తి నిలబడిందని రాశారు. అది వేట మీద ధ్యాస పడిన కుక్క నిలబడే తీరు. రెండోసారి దూకిన కుక్క ఉంటే, మొదటిసారి పెద్ద దెబ్బ తగలలేదని, రప్పించిన వాసన ఇంకా అక్కడే ఉందని అనుకుంటాను. 1994 నాటి ఘోరం మతి చలించిన మనిషి చేసినది. దాన్ని కుక్కల పద్దులో కలపడం ఆ బిడ్డకూ న్యాయం కాదు.

మాస్టారు గారికి: ఇతర వంతెనల ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సైట్ ఇంజినీరు, తిరుపతి:

ఆ జవాబు గోడలో ఉంది. ఇంతసేపు అందరూ కుక్క ముక్కు గురించే మాట్లాడారు, కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో ఎవరూ అడగలేదు. లాబ్రడార్ భుజం నేల నుంచి సుమారు 55 సెంటీమీటర్లు ఉంటుంది. నిన్న సాయంత్రం మా సైటు దగ్గర ఒక వంతెన మీద, దారిన పోయేవాళ్లు వింతగా చూస్తున్నా లెక్కచేయక, మోకాళ్ల మీద కూర్చుని ఫోన్‌ను ఇంచుమించు ఆ ఎత్తులో పెట్టి పిట్టగోడను ఫొటో తీశాను. నిలబడి చూసినప్పుడు కింద ఏరు, బండలు, బట్టలుతికే చప్టా అన్నీ కనిపించాయి. ఆ ఫొటోలో ఉన్నవి మూడే: సిమెంటు గోడ, దాని పైన కానుగ చెట్టు కొమ్మలు, ఆకాశం. ఆ కానుగ మొదలు ఏటి ఒడ్డున, గోడకు ఎంతో కింద ఉంది. ఫొటోలో మాత్రం గోడ అవతల నేల మీద మొలిచిన పొదలా కనబడుతోంది.

ఓవర్‌టన్ పిట్టగోడ సందులు లేని రాతి గోడ, చుట్టూ లోయలోంచి పైకి పెరిగిన చెట్లు. కుక్క కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి గాని, ఎరుపుకూ పచ్చకూ తేడా సరిగా తెలియదు. అందువల్ల నాచు పట్టిన రాయి, ఆకులు, గడ్డి దానికి దాదాపు ఒకే రంగు. అంటే దాని లెక్కలో అది వంతెన కాదు, దారి పక్కన అడ్డుగోడ ఉన్న తోట. పొలంలో గట్టు దూకినట్టు దూకుతుంది. గాల్లోకి వచ్చాక గాని పొరపాటు తెలియదు. ఇనుప కమ్మీల రెయిలింగు ఉన్న వంతెన మీద ఎంత వాసన వచ్చినా, సందుల్లోంచి లోతు కనబడుతుంది కనుక కుక్క తల దూర్చి చూసి ఆగుతుంది. మిగతా వంతెనల మీద ఎందుకు దూకవన్న మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇదే. వాసన కూడా అవసరమే, ఒట్టి గోడను చూసి ఏ కుక్కా దూకదు. కాని ఆ వాసన మింక్‌దే కావాలన్న పట్టు నాకు లేదు.

పొలంగట్టు గారూ, మీరు ఒకసారి వంకలోకి దిగి, మోతీ చూసిన ఆ తూము దగ్గర ఏముందో చూసి రాయండి. రెండు వైపులా చూడండి.

లెక్కల మాస్టారు:

ఇంజినీరు గారి ఫొటో పద్ధతి నాకు నచ్చింది. చంద్రగిరి ఆయన వంకలోకి దిగేటప్పుడు ఆ పెద్దమ్మను కూడా ఒక మాట అడగాలి: పోయినేడు వాళ్ల కుక్క పడటం ఆమె కళ్లారా చూసిందా?

చంద్రగిరి పొలంగట్టు:

నిన్న ఉదయం దిగాను. ఎగువ వైపు ఏమీ లేదు, ఇసుక, తుమ్మ ముళ్లు అంతే. దిగువ వైపు, అంటే మోతీ దూకిన వైపు, తూము నోట్లో యూరియా సంచులు నాలుగైదు ఉన్నాయి. ఒకటి చినిగి ఉంది. లోపల కోడి ఈకలు, కాళ్లు, పేగులు. రాత్రిపూట ఎవరో చికెన్ అంగడి వాళ్లు బండి మీద తెచ్చి పడేసి పోతున్నారు. చుట్టూ కుక్కల అడుగులు లెక్కలేనన్ని. అవి ఊరకుక్కలవి, పక్కనున్న కాలిబాట వెంట దిగి, తిని, అదే బాటన ఎక్కి పోతున్నట్టు మట్టిలో స్పష్టంగా కనబడుతోంది. ఇంట్లో పెరిగిన మోతీకి ఆ బాట తెలియదు. పైకి వచ్చి ఇంజినీరు గారు చెప్పినట్టే ఫోన్ కిందికి పెట్టి చూశాను: గోడ, గోడ మీదుగా రెల్లు దుబ్బుల తలలు, వాటి వెనక మా చెరుకు తోట. మధ్యలో వంక ఉన్నట్టే తెలియడం లేదు.

దీంతో ఓవర్‌టన్ సంగతి తేలిందని నేను అనను. అక్కడ ఈకల సంచులు లేవు, ఇక్కడ మింక్ లేదు. ఆ ఒక్క వైపు నుంచే ఎందుకన్న దానికి మాత్రం, నా కల్వర్టు వరకు, జవాబు దొరికింది. సంచులు తీయించి గుంట తవ్వి పూడ్పించాను. దిగువ వైపు గోడ మీద రెండడుగుల ఎత్తున కమ్మీలు పెట్టించాలని సర్పంచిగారికి అర్జీ రాస్తున్నాను.

మాస్టారు అడగమన్నది పెద్దమ్మను అడిగాను. వక్కాకు నములుతూ కాసేపు ఆలోచించి, ‘దూకేది నేను చూళ్లేదు నాయనా, కింద పడుంటే చూసినా. పైనించి పడిందో, కాలిబాటన దిగి యాడన్నా పాము కరిచిందో, నాకేం తెలుసు’ అన్నది.