బెర్లిన్‌లో వీధి మలుపు క్నైపెలు మూతపడుతున్నాయి, గవర్నమెంటు కాపాడాలా వద్దా?

వెడ్డింగ్_వాసి:
బెర్లిన్‌లో ఉండేవాళ్లకి తెలుసు కదా, వీధి మలుపులో పాత కర్టెన్లు, బయట బీరు కంపెనీ లైటు బోర్డు ఉండే చిన్న బారు, ఎక్‌క్నైపె అంటారు. ఒక్కొక్కటే మూసేసి ఆ చోట కాఫీ షాపులు, స్టార్టప్ ఆఫీసులు పెడుతున్నారు. చట్టం పెట్టి వీటిని కాపాడాలంటాను నేను. ఇవి ఊరికే తాగుడు కొట్లు కావు. 1862లో సిటీని పెంచడానికి వేసిన వీధుల నక్షా, హోబ్రెక్ట్ ప్లాన్ అంటారు, దాని తర్వాత ఈ సిటీలో కట్టిన అద్దె బిల్డింగుల్లో ఒక గది, వంటిల్లు, అందులోనే కుటుంబం మొత్తం, అదీ చాలక అద్దె గిట్టుబాటు కావాలని బయటివాడికి మంచం అద్దెకిచ్చేవాళ్లు, ఇంక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి ఎక్కడ కూర్చుంటాడు, కిందకి దిగి క్నైపెలో కూర్చునేవాడు. 1878 నుంచి 1890 దాకా సోషలిస్టుల మీద నిషేధం ఉన్నప్పుడు పాటల క్లబ్బు అదీ ఇదీ అని పేరు పెట్టుకుని కలుసుకున్నది కూడా ఇక్కడే. కార్మికుడి రాజకీయ స్వేచ్ఛకి ఇదే కోట అని సోషలిస్టు మేధావి కౌట్‌స్కీ 1891లో రాశాడు కూడా.

గుంటూరు_మిర్చి:
అన్నా, ఇల్లు ఇరుకని వెళ్లేవాళ్లని నువ్వే అంటున్నావ్. ఇప్పుడు ఇంట్లో హాలుంది, సోఫా ఉంది, నెట్‌ఫ్లిక్స్ ఉంది, ఎవడెళ్తాడు? 1980 ప్రాంతంలో జర్మనీలో ఏడాదికి మనిషికి 145 లీటర్ల బీరు పైమాటే, ఇప్పుడు 90 కూడా లేదు. బేరాల్లేకపోతే కొట్టు మూతపడిద్ది, దానికి చట్టం దేనికి. అయినా ఆ కోట కోట అంటున్నారు గానీ అందులో ఆడాళ్లకి, మన రంగు వాళ్లకి ఏం మర్యాద ఉండేదంట? నేను ఓసారి ఒకదాంట్లోకి వెళ్తే అందరూ మాటలాపి తల తిప్పి చూశారు. ఒక్క బీరు తాగి బయటపడ్డా, జాకెట్ రెండుసార్లు ఉతికినా పొగ కంపు పోలా.

నైకోల్న్_పిల్ల:
మిర్చి గారూ, ఎవరొచ్చినా చూస్తారండీ. లోపలికి వెళ్లగానే కౌంటర్ మీద వేళ్లతో రెండుసార్లు తట్టి హాలో అంటే చాలు, మళ్లీ వాళ్ల పేకాటలో వాళ్లుంటారు. నేను రెగ్యులర్‌గా వెళ్లేదాన్లో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, అన్నీ అలాగే ఉంటాయని మాత్రం అనను. పాత వాటిల్లో గోడకి ఒక ఇనప పెట్టె ఉంటుంది గమనించారా, నంబర్లేసిన చిన్న చిన్న అరలు, ఒక్కోదానికి డబ్బులేసే సందు. అదే స్పార్‌క్లబ్. వారం వారం ఎంతో కొంత వెయ్యాలి, వెయ్యకపోతే ఫైను, క్రిస్మస్ ముందు ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తారు. మన చిట్టీ టైపే గానీ పాట ఉండదు. బ్యాంకు గడప తొక్కని ముసలాళ్లు అందులో దాచుకునేవాళ్లు.

ఇంక బేరాల్లేక మూతపడ్డాయంటే ఒప్పుకోను. ఇంటి అద్దెకి కాస్తో కూస్తో పగ్గాలున్నాయి, కొట్టు అద్దెకి ఏమీ లేవు, అగ్రిమెంట్ అయిపోతే ఓనర్ ఇష్టం. మా దగ్గర వైజె స్ట్రాసెలో సిండికాట్ అని 1985 నుంచి నడిచిన బారుండేది, అది బేరాల్లేక పోలేదు, అగ్రిమెంట్ పొడిగించక పోయింది, 2020 ఆగస్టులో పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించారు. ఓనర్ ఎవరయ్యా అంటే లక్సెంబర్గ్‌లో రిజిస్టరైన ఒక కంపెనీ పేరు. బారు వాళ్లే తవ్వుకుంటూ పోతే అసలు ఓనర్లు లండన్‌లో తేలారు.

లెక్కల_మాస్టారు:
సిగరెట్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 2008 జులైలో రాజ్యాంగ కోర్టు ఏమందంటే, 75 చదరపు మీటర్ల లోపు ఒకే గది ఉన్న బారులో పొగ తాగనివ్వొచ్చు, కాకపోతే 18 దాటినవాళ్లే రావాలి, వండి వడ్డించకూడదు. రెగ్యులర్ కస్టమర్లు పోతారని చాలామంది క్నైపె వాళ్లు సిగరెట్ వైపే వెళ్లారు, పొయ్యి ఆర్పేశారు. ఇప్పుడు దీని ఎఫెక్ట్ చూడండి. కరోనాలో హోటళ్లని ఆదుకోడానికి తిండి మీద వ్యాట్ 19 నుంచి 7కి దించారు, 2024లో మళ్లీ 19 చేశారు, 2026 జనవరి నుంచి మళ్లీ 7. డ్రింక్స్‌కి ఈ తగ్గింపు లేదు. అంటే సాయం మొత్తం రెస్టారెంట్లకి, బీరు తప్ప ఏమీ అమ్మని క్నైపెకి గుండుసున్నా. బేరం తగ్గిందనో అద్దె పెరిగిందనో అంటాం గానీ, గవర్నమెంటు సాయం చేద్దామన్నా అది చేరే దారి అప్పుడే మూసుకుపోయింది.

ఓరుగల్లు_పోరడు:
గవర్నమెంట్ కాపాడితే ఎట్లుంటదో చూడాల్నంటే బెర్లిన్ నడుమ నికోలాయ్‌ఫియర్టెల్‌ల సుమ్ నుస్‌బౌమ్ అనే క్నైపె చూసి రాండ్రి. అసలుది దగ్గర్లనే ఫిషరిన్సెల్ అనేకాడ ఉండే, యుద్ధంల బాంబులకు పోయింది. 1987ల బెర్లిన్ 750 ఏండ్ల పండుగ అని తూర్పు జర్మనీ సర్కారు ఇంకోకాడ అచ్చం అట్లనే కట్టింది. ఫోటోలు మస్తు వస్తయ్. కానీ కూసునేది ఎక్కువ టూరిస్టులే, గల్లీల ముసలాయన ఎవడన్న కనపడితే జెప్పుండ్రి.

వెడ్డింగ్_వాసి:
తమ్ముడూ నేనడిగేది గోడల్ని కాపాడమని కాదు, కొట్టు అద్దెకి లిమిట్ పెట్టమని. లేదంటే బవేరియాలో కొన్ని ఊళ్లలో చేసినట్టు జనమే తలా కొంత వేసుకుని సహకార సంఘం పెట్టి ఊరి విర్ట్స్‌హౌస్, అంటే తిండి, బీరు దొరికే కొట్టు, నడుపుకోవాలి.

గుంటూరు_మిర్చి:
ఊరికి ఒక్కటే ఉంటే పోతదన్న భయానికి డబ్బులేస్తారు. ఇక్కడ పక్క వీధిలో ఇంకోటుంటే నువ్వేస్తావా? మాస్టారు చెప్పినదాన్నిబట్టి ఆ స్మోకింగ్ బోర్డు పీకేసి పొయ్యి వెలిగించుకోమనండి ముందు, నేను కూడా వస్తా తినడానికి.

నైకోల్న్_పిల్ల:
పొయ్యి పెట్టాలంటే పొగ పైకి పోయే గొట్టం వెయ్యాలి, దానికి బిల్డింగ్ ఓనర్ సంతకం కావాలి. లక్సెంబర్గ్ అడ్రస్ పంపనా?