'ది గివర్' మళ్ళీ చదివాక: జోనస్ తండ్రి అబద్ధమాడాడా?

మలిపఠనం: లోయిస్ లౌరీ 1993 నవల. రంగులు, పాత జ్ఞాపకాలు, ప్రేమ అన్నీ తీసేసిన ఊరు. ఆ జ్ఞాపకాలన్నీ ఒక్కడే మోస్తాడు, అతనే గివర్; అతని నుంచి వాటిని అందుకోవడానికి ఎంపికైన పన్నెండేళ్ళ కుర్రాడు జోనస్. కవలల్లో బరువు తక్కువున్న పసివాడిని జోనస్ తండ్రి 'విడుదల' (చంపడానికి ఆ ఊరు పెట్టుకున్న పేరు) చేసే ఘట్టంలో మొదటిసారి చదివినవాళ్ళకు సూది గుర్తుంటుంది. రెండోసారి గొంతు వినిపిస్తుంది. చేతి నరాలు మరీ సన్నమని నుదుటి నరంలోకి మందు ఎక్కిస్తూ, ఇంట్లో సాకుతున్న పసివాడు గేబ్రియల్‌ని ముద్దుచేసే గొంతుతోనే మాట్లాడతాడు. తర్వాత అట్టపెట్టెలో పెట్టి, గోడలోని గొట్టంలోకి జారవిడిచి టాటా చెప్తాడు. అతను దుర్మార్గుడు కాడు. చావంటే తెలియనివాడికి చంపడమూ తెలియదు.

ఎర్రసిరా: ఆ 'తెలియదు' దగ్గరే ఆగండి. విడుదలైనవాళ్ళు వెళ్తారని ఊరు చెప్పే ఎల్స్‌వేర్ నుంచి ఎవరైనా వచ్చి పసివాడిని తీసుకెళ్తారా అని జోనస్ ముందే అడిగాడు. తండ్రి అవునన్నాడు. ఎవరూ రారు, ఆ గదిలో చేసేది తనే. అది అబద్ధం. జోనస్‌కి ఇచ్చిన శిక్షణ నియమాల కాగితంలో ఎనిమిదో నియమం 'అబద్ధమాడవచ్చు'. మిగతా పెద్దలకూ అదే ఇచ్చారేమోనన్న అనుమానం అతనికి అప్పుడే వచ్చింది.

కిటికీపక్క: కోరికలు అణచడానికి రోజూ మింగించే మాత్రల సంగతి ఎవరూ ఎత్తరేం?

మలిపఠనం: గొట్టం అవతల ఉన్నదే ఎల్స్‌వేర్ అని నమ్మితే అది అబద్ధమెలా అవుతుంది?

ఎర్రసిరా: నాలుగేళ్ళ కేలబ్ నదిలో పడిపోతే ఊరంతా అతని పేరు పలికారు, గొంతు మెల్లగా తగ్గించుకుంటూ. పిల్లాడు పోవడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు.

మలిపఠనం: తర్వాత వచ్చిన బిడ్డకు అదే పేరు పెట్టారు, అది వదిలేశారే! మనిషి స్థానంలో మనిషిని పెట్టేస్తే సరిపోతుందనుకునే ఊరది. మీకు ప్రతి చర్చలో ఎవరో ఒకరు బోనెక్కాల్సిందే. పోయినసారీ ఇంతే.

ఎర్రసిరా: ఎక్కాల్సిందే! ఎవరూ బోనెక్కకపోతే అందరూ 'చెప్పిన పని చేశాం' అని ఇంటికెళ్తారు. పుట్టుకతో మనిషి మంచివాడన్న మీ నమ్మకం కోసం ఆ తండ్రిని వెనకేసుకొస్తున్నారు.

మలిపఠనం: నా మాట సరిగ్గా తిరగేశారు. మంచితనం పుట్టుకతో రాదనే నేనంటున్నది. జోనస్ కూడా 'విడుదల' మామూలే అనుకున్నవాడే. యుద్ధభూమిలో నీళ్ళడిగిన కుర్రాడి జ్ఞాపకం అందింది కాబట్టే, పసివాడి మొహంలో అదే చావును గుర్తుపట్టాడు. తండ్రికి ఆ జ్ఞాపకం ఎవరిచ్చారు?

కిటికీపక్క: అసలు గొడవ ఇదన్నమాట. ఇంతసేపూ అబద్ధం చుట్టూ తిరిగారు.

ఎర్రసిరా: సరే, అక్కడికే వద్దాం. గేబ్రియల్ బలహీనంగా ఉంటే నియమం మీరి పేరు పెట్టే వేడుకకు ముందే జాబితాలో వాడి పేరు దొంగచాటుగా చూసింది ఈ తండ్రే. పేరుతో పిలిస్తే పుంజుకుంటాడని ఆశ. కమిటీని బతిమాలి, విడుదల చేయకుండా ఏడాది గడువు తెచ్చాడు. ఆ తపన ఏ జ్ఞాపకం ఇచ్చింది? చివరికి ఒక్క రాత్రి పసివాడు నిద్రపోలేదని, అదే మనిషి విడుదలకు ఓటేశాడు. లోపల జాలి ఉంది, వద్దనుకున్నప్పుడు పక్కన పెట్టాడు. నన్ను భయపెట్టేది అదే.

మలిపఠనం: పసివాళ్ళను పెంచడం అతని ఉద్యోగం. బిడ్డ పుంజుకుంటే పని సరిగ్గా చేసినట్టు, అంతే.

ఎర్రసిరా: ఉద్యోగమే అయితే, ప్రతి రాత్రీ బుట్టలో పెట్టుకుని ఇంటికెందుకు తెచ్చాడు?