ట్రాన్సిస్టర్ వీడియో స్విచ్: కెమెరా మార్చిన ప్రతిసారీ సెకను పాటు బొమ్మ పోతోంది

విశాఖ, ఎంవీపీ కాలనీ. గేటు దగ్గరొకటి, మేడ మీదొకటి పాత పాల్ (PAL అనే రంగు టీవీ పద్ధతి) అనలాగ్ కెమెరాలు. టీవీకి ఉన్నది ఒక్కటే ఏవీ ఇన్‌పుట్. అందుకని రెంటినీ మార్చుకుంటూ చూడటానికి రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లతో ఎమిటర్ ఫాలోయర్లు (బేస్‌కి వచ్చిన సిగ్నల్‌నే ఎమిటర్ దగ్గర ఇచ్చే బఫర్లు) కట్టాను. సప్లై 7809 రెగ్యులేటర్ నుంచి 9 వోల్టులు. ఒక్కో ఇన్‌పుట్‌కి 75 ఓమ్ టెర్మినేషన్, 47 మైక్రోఫారడ్ కెపాసిటర్, బేస్‌కి 10కె-10కె డివైడర్ (సప్లైలో సగం వోల్టేజ్ ఇచ్చే రెండు రెసిస్టర్లు). రెండు ఎమిటర్లూ కలిపి 470 ఓమ్‌తో గ్రౌండ్‌కి. అక్కడి నుంచే 470 మైక్రోఫారడ్, 75 ఓమ్ మీదుగా టీవీకి. వద్దనుకున్న ఛానెల్ బేస్‌ని ఇంకో బీసీ547 గ్రౌండ్‌కి లాగేస్తుంది.

స్విచ్ వేయగానే సుమారు సెకను నలుపు, తర్వాత బొమ్మ దొర్లి నిలబడుతోంది. నిలబడ్డాక శుభ్రంగా ఉంది. కెమెరాలు ఒకే సింక్‌లో లేవు (రెండూ ఫ్రేమ్‌ని ఒకేసారి మొదలుపెట్టవు) కాబట్టి ఒక్కసారి దొర్లడం మామూలే, నలుపే సమస్య. మీటర్ పెడితే బేస్ సున్నా నుంచి 4.3 వోల్టులకు మెల్లగా ఎక్కుతోంది, అంటే కెపాసిటర్ మళ్లీ ఛార్జ్ అవుతోంది.

10 మైక్రోఫారడ్ పెడితే ఆలస్యం తగ్గింది గానీ తెర పైనుంచి కిందకి వెలుగు మారిపోతోంది. బేస్‌కి ముందు 10కె సిరీస్‌లో పెడితే రంగు పోయింది; పాల్ రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత రెసిస్టెన్స్ ట్రాన్సిస్టర్ల కెపాసిటెన్స్‌తో కలిసి దాన్ని తగ్గించేస్తుంది కదా. సముద్రపు గాలికి చిలుము పట్టాయేమోనని ఆర్‌సీఏ సాకెట్లూ మార్చాను, తేడా లేదు. 4066 అనలాగ్ స్విచ్ ఐసీ వేస్తే సరిపోతుందని తెలుసు, ట్రాన్సిస్టర్లతోనే చేయాలని ఉంది.

బేస్ బయాస్ (బేస్ మీద నిలకడగా ఉండాల్సిన వోల్టేజ్) కదలకుండా ఛానెల్‌ని ఆపాలంటే ఆ స్విచింగ్ ట్రాన్సిస్టర్‌ని ఎక్కడ పెట్టాలి?