వానలకు అడీనియం దుంప మెత్తబడుతోంది

ప్రశ్న (రాయగడ):
మా డాబా మీద మూడేళ్లుగా పెరుగుతున్న అడీనియం (ఎడారి గులాబీ) మొక్క, వర్షాలు మొదలైన పది రోజులకే ఆకులన్నీ రాల్చేసింది. దుంపను ఒక పక్క నొక్కితే వేలు లోపలికి దిగుతోంది. అది మా అమ్మ నాటిన మొక్క. దయచేసి దారి చూపండి.

జవాబు (బరంపురం):
అది కుళ్లేనండీ, ఆలస్యం చేయకండి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్, ఇంకా అరేబియా ప్రాంతాలు దీని పుట్టిల్లు కనుక, దుంపలో దాచుకున్న నీటితో ఎండను తట్టుకుంటుంది గాని, వేళ్ల దగ్గర నిలిచే తడిని ఓర్చుకోలేదు. మొక్కను కుండీలోంచి తీసి, మట్టి దులిపి, మెత్తబడిన భాగాన్ని గట్టి కండ కనిపించేవరకూ శుభ్రమైన కత్తితో కోసేసి, కోసినచోట శిలీంధ్రనాశక పొడి అద్ది, వారం పది రోజులు నీడలో ఆరనివ్వండి. ఇది గన్నేరు కుటుంబానిదే. ఆఫ్రికాలో బాణాలకు పూసిన విషం దీని పాలలోనే ఉంది. చేతులకు తొడుగులు తప్పనిసరి.

జవాబు (పర్లాకిమిడి):
తిరిగి నాటేటప్పుడు ముతక ఇసుక, ఇటుక ముక్కలు సగానికి పైగా కలపండి. వారం వరకూ నీళ్లు వద్దు. మన వైపు వానలు తగ్గేదాకా కుండీని, వెలుతురు బాగా పడే చూరు కిందే ఉంచడం మేలని నా అనుభవం.

ప్రశ్న వేసినవారు:
ఈరోజే కోశాను. లోపల ఇంకా గట్టిగానే ఉంది.