మార్కస్ కంటే రేటు ఎక్కువ వస్తోంది, టన్నెలింగ్ అని రాసేయొచ్చా?

నల్లగండ్ల_స్కాలర్: నమస్తే అండి. హైదరాబాద్‌లో థియరిటికల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నా. స్పిన్-బోసాన్ మోడల్‌లో (రెండు ఎలక్ట్రాన్ స్థితులు, వాటి చుట్టూ బాత్ అనే కంపనాల గుంపు) డోనర్ నుంచి యాక్సెప్టర్‌కి ఎలక్ట్రాన్ వెళ్లే రేటుని రింగ్ పాలిమర్ డైనమిక్స్‌తో (క్వాంటమ్ కణాన్ని పూసల గొలుసుగా చూసే పద్ధతి) లెక్కేస్తున్నా. 300 కెల్విన్, లాంబ్డా (ఎలక్ట్రాన్ మారితే చుట్టూ ఉన్నవి సర్దుకోడానికి పట్టే శక్తి) 1 ఎలక్ట్రాన్ వోల్ట్, బాత్‌లో 1500 వేవ్‌నంబర్ల దాకా కంపనాలు. డెల్టా జీ (రియాక్షన్ ఫ్రీ ఎనర్జీ) మైనస్ 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర, అంటే నార్మల్ వైపు, మార్కస్ (ఎలక్ట్రాన్ బదిలీకి క్లాసికల్ సూత్రం) కంటే కాస్త ఎక్కువ, అది సరే. మైనస్ 1.5 దగ్గర, అంటే లాంబ్డాని దాటాక రేటు దిగాల్సిన ఇన్వర్టెడ్ వైపు, మాత్రం అసలు దిగడమే లేదు. సోమవారం గ్రూప్ మీటింగ్‌లో ఇదంతా టన్నెలింగే (అడ్డంకిని ఎక్కకుండా క్వాంటమ్‌గా దాని గుండా దాటడం) అని చెప్పేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

బాత్‌మోడ్: అప్పుడే చెప్పకండి. మార్కస్ లెక్కలో ఆ రెండు చోట్లా అడ్డంకి ఒకటే, 0.0625 ఎలక్ట్రాన్ వోల్ట్, అంటే రెండు చోట్లా రేటు గరిష్ఠంలో దాదాపు పదకొండో వంతు. అసలు క్వాంటమ్ జవాబులో ఈ సమానత్వం ఉండదు, 1500 వేవ్‌నంబర్ల కంపనపు ఒక క్వాంటమ్, గది ఉష్ణోగ్రత దగ్గర కేటీకి (ఉష్ణ శక్తికి) ఏడు రెట్లు కాబట్టి ఇన్వర్టెడ్ వైపు టన్నెలింగ్ నిజంగానే రేటుని బాగా పెంచుతుంది. అందుకే మార్కస్‌ని కొలబద్దగా పెట్టుకుంటే మెథడ్ తప్పేదో, ఫిజిక్స్ ఏదో విడదీయలేరు. కప్లింగ్ (డోనర్, యాక్సెప్టర్ స్థితుల మధ్య లంకె) చిన్నగా ఉంటే ఈ మోడల్‌కి గోల్డెన్ రూల్ (బలహీన కప్లింగ్‌కి క్వాంటమ్ సూత్రం) రేటు ఒక్క టైమ్ ఇంటిగ్రల్, బాత్‌ని పూర్తి క్వాంటమ్‌గానే చూస్తుంది, పైథాన్‌లో ఒక పేజీ కూడా పట్టదు. దాంతో పోల్చండి.

ఉప్పల్_కెమ్: ఇంకో పరీక్ష, నాకైతే ఇదే ముఖ్యం. లాంబ్డా కదపకుండా ఫ్రీక్వెన్సీలన్నీ 50 వేవ్‌నంబర్లకి దించేయండి. బాత్ దాదాపు క్లాసికల్ అయిపోతుంది, టన్నెలింగ్‌కి చోటుండదు, రేటు మార్కస్ మీదకి రావాల్సిందే. రాకపోతే లోపం మెథడ్‌దే. ఫ్రీక్వెన్సీ దించేకొద్దీ అడియాబాటిక్ వైపు (రేటు కప్లింగ్ వర్గాన్ని అనుసరించని చోటుకి) జారుతుంది కాబట్టి కప్లింగ్ 10 వేవ్‌నంబర్లు దాటనివ్వొద్దు. ఎలక్ట్రాన్‌ని కూడా రింగ్ పాలిమర్‌గా పెడితే నార్మల్ వైపు బాగుండి ఇన్వర్టెడ్ వైపు చెడిపోతుందని మెంజెలీవ్, అనంత్, మిల్లర్ 2011లోనే చూపించారు, అది చదవండి. సర్ఫేస్ హాపింగ్‌కి (కేంద్రకాలు క్లాసికల్‌గా కదులుతూ ఎలక్ట్రాన్ స్థితుల మధ్య దూకే పద్ధతి) మారదామనుకున్నా జాగ్రత్త, డీకోహెరెన్స్ (స్థితుల మధ్య క్వాంటమ్ పొందిక చెదరడం) సరిచేయకపోతే రేటు కప్లింగ్ వర్గంతో సరిగ్గా పెరగదు.

నల్లగండ్ల_స్కాలర్: థాంక్స్ అన్నా, 50కి దించి రన్ వేశా. మైనస్ 0.5 సరిగ్గా మార్కస్ గీత మీద కూర్చుంది, మైనస్ 1.5 అలాగే పైనే వేలాడుతోంది. టన్నెలింగ్ అన్న మాట స్లైడ్ నుంచి తీసేస్తున్నా. గోల్డెన్ రూల్ ఇంటిగ్రల్ ఈ రాత్రికి రాసి రెండు గీతలూ ఒకే ప్లాట్‌లో పెడతా.